అలంకారాల నుంచి సూళాది దాకా

సంగీత విద్యార్థికి తొలి ఏళ్ళలో పరిచయమయ్యే వాగ్గేయకారులు చాలా కొద్దిమంది. సాహిత్యాన్నీ, దాన్ని పాడే వరుసనూ తానే కూర్చుకున్నవాడిని వాగ్గేయకారుడంటారు. ఆ పేరుకు తగినవారు తెలుగు, కన్నడ నేలల మీద ఎందరో పుట్టినా, సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షల పాఠ్యప్రణాళికల్లో త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి, వారి వెంట అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్య, పురందరదాసు వంటి కొన్ని పేర్లే తిరిగి తిరిగి వస్తుంటాయి. కొన్నేళ్ళలో బోధించగలిగినంతే పాఠ్యప్రణాళికలో ఉంటుంది కాబట్టి దాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే ఆ పట్టికలో లేనివారంతా తక్కువ స్థాయివారన్న అభిప్రాయం, ఎవరూ నోటితో చెప్పకుండానే విద్యార్థి మనసులో నాటుకుపోతుంది. పెరిగి పెద్దయ్యాక కూడా చెవిని ఇరుకున ఉంచేది ఆ అభిప్రాయమే. పత్తికొండ వంటి చిన్న పట్టణంలో ఉన్న విద్యార్థి తనకు అందే వనరులతోనే ఆ ఇరుకు నుంచి ఎలా బయటపడవచ్చో ఈ అధ్యాయం వివరిస్తుంది.

చరిత్ర పుస్తకాల్లో పత్తికొండ పేరు, మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో కన్నుమూసిన చోటుగా కనిపిస్తుంది. పేపర్లలో టమాటా ధర పడిపోయినప్పుడో పెరిగినప్పుడో వినిపిస్తుంది. సంగీత గ్రంథాల్లో ఈ ప్రాంతం ఊసు అరుదు. అయినా ఇదే కర్నూలు జిల్లాలో, గుంతకల్లుకు దగ్గరగా ఉన్న చిప్పగిరిలో, హరిదాస సంప్రదాయంలోని మహా వాగ్గేయకారుడు విజయదాసు తన చివరి కాలం గడిపి 1755లో తనువు చాలించాడు. 1682లో మాన్వి తాలూకాలోని చీకలపరివిలో పుట్టిన ఈయన, 'విజయవిఠల' అంకితంతో, అంటే ప్రతి రచన చివరా కర్త గుర్తుగా నిలిచే ఆ దైవనామంతో, కన్నడంలో విస్తారంగా పదాలూ సూళాదులూ రచించాడు. గోపాలదాసు, మోహనదాసు ఆయన శిష్యులు. మాన్వి జగన్నాథదాసు అదే పరంపరలో తర్వాతివాడు. గోపాలదాసు పేరుతో ముడిపడిన ఉత్తనూరు నేటి గద్వాల ప్రాంతంలోని ఐజ దగ్గర ఉంది. తుంగభద్రకు అటూ ఇటూ పరచుకున్న ఈ గురుశిష్య పరంపరకు ఆనాడు రాష్ట్రపు హద్దులు లేవు; హద్దులు గీసిన తర్వాత విజయదాసు కర్ణాటక పాఠ్యపుస్తకాలకు చెందాడు, ఆయన సమాధి చెందిన ఊరు ఆంధ్రప్రదేశ్‌కు చెందింది, రెండింటి మధ్య తెలుగు విద్యార్థికి ఆయన పేరే తెలియకుండా పోయింది.

మరుగున పడటానికి కారణాలు

గొప్పవారైతే ఎలాగైనా నిలిచేవారు కదా అన్న వాదన వినడానికి బాగుంటుంది గాని, సంగీత చరిత్ర దాన్ని బలపరచదు. ఒక వాగ్గేయకారుడి రచనలు నిలవాలంటే వాటిని నోటితో మోసే శిష్యులు ఉండాలి, పాడడానికి సందర్భం ఉండాలి, రాతలోనో అచ్చులోనో ఒక ప్రతి ఉండాలి. ఈ మూడింటిలో ఏది తెగినా రచన మెల్లగా మౌనంలోకి జారుతుంది. త్యాగరాజుకు శిష్యబృందాలు ఉన్నాయి, వాలాజాపేట శిష్యుల రాతప్రతులు ఉన్నాయి. దీక్షితుల కృతులను ఆయన కుటుంబానికే చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గమక చిహ్నాలతో సహా పదిలపరచారు. విజయదాసు రచనలకు సాహిత్యం మిగిలింది, భక్తులు మిగిలారు, కాని కచేరీ వేదిక మిగల్లేదు. ఇరవయ్యో శతాబ్దంలో అరియకుడి రామానుజ అయ్యంగారు వంటివారి చేతుల్లో రూపుదిద్దుకున్న కచేరీ పద్ధతిలో వర్ణానికీ, కృతులకూ, పల్లవికీ, చివర చిన్న పదాలకూ స్థానం దొరికిందే గాని, ఒకే రచనలో నాలుగైదు తాళాలు మారుతూ సాగే సూళాదికి చోటు దొరకలేదు. హరిదాస సంప్రదాయాన్ని అనుసరించే మాధ్వుల ఇళ్ళలో, మఠాలలో అది పారాయణంగా బతికింది. సంగీతం కోసం వినే శ్రోత దాన్ని ఎరగడు, పుణ్యం కోసం చదివే భక్తుడు అందులోని తాళాన్ని పట్టించుకోడు.

విద్యార్థి తన ప్రాంతంలో ఏ మరుగుపడిన వాగ్గేయకారుడిని ఎంచుకున్నా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే: శిష్యులు, సందర్భం, ప్రతి అనే మూడింటిలో ఇక్కడ తెగినది ఏది? జవాబును బట్టి పని మారుతుంది. ప్రతి లేకపోతే రాతప్రతుల వెంట తిరగాలి, శిష్యులు లేకపోతే వరుసను ఊహించక తప్పదు, సందర్భం లేకపోతే పాడే వేదికను తానే కల్పించుకోవాలి. ఈ తేడా తెలియకుండా పని మొదలుపెట్టినవారు సాహిత్యం దొరికిన సంతోషంలో సంగీతం కూడా దొరికిందనుకుంటారు.

సప్త అలంకారాలే తొలి మెట్టు

కర్ణాటక సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లా పిల్లవాడూ సరళీ స్వరాలు, జంట స్వరాలు ముగించాక సప్త తాళ అలంకారాలు పాడతారు. ఆ ఏడు తాళాలకు శాస్త్రంలో ఉన్న పేరు 'సూళాది సప్త తాళాలు'. దేశమంతటా వేలాది విద్యార్థులు ఆ పేరును పరీక్షలో రాస్తారు. వారిలో చాలామంది ఒక్క సూళాదిని కూడా వినకుండానే డిప్లొమా పుచ్చుకుంటారు. ఏ రచనలో ఆ తాళాలు ప్రాణంతో ఉన్నాయో ఆ రచన బోధన నుంచి జారిపోయి, అభ్యాసం కోసం మిగిలిన తాళాల పట్టిక ఒక్కటే చేతికి వచ్చింది. పని మొదలుపెట్టదలచిన విద్యార్థికి మాత్రం ఇది ఎంతో కలిసొచ్చే విషయం, ఎందుకంటే కావలసిన సాధనలో సగం అప్పటికే పూర్తయి ఉంటుంది.

సూళాది అంటే ఒకే రచనలోని భాగాలు వేర్వేరు తాళాల్లో నడిచే ప్రబంధం. సాధారణంగా ధ్రువతాళంతో మొదలై, మఠ్యం, త్రిపుట, అట, ఏక తాళాల వంటి వాటి గుండా సాగి, చివర 'జతె' అనే రెండు పాదాల ముగింపుతో ఆగుతుంది. ఏ తాళాలు ఏ వరుసలో వస్తాయన్నది రచనను బట్టి మారుతుంది. అలంకారాల్లో వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ధ్రువం 4, 2, 4, 4గా 14 అక్షరాలు, మఠ్యం 4, 2, 4గా 10, రూపకం 2, 4గా 6, ఝంపె 7, 1, 2గా 10, త్రిపుట 3, 2, 2గా 7, అట 5, 5, 2, 2గా 14, ఏకం 4 అక్షరాలు. వీటిలో దెబ్బ వేసి వేళ్ళు ఎంచేది లఘువు, దెబ్బ వేసి చెయ్యి తిప్పేది ద్రుతం, ఒక్క దెబ్బతో ముగిసేది అనుద్రుతం. పద్నాలుగు అక్షరాల ధ్రువం నుంచి పది అక్షరాల మఠ్యంలోకి అడుగుపెట్టినప్పుడు చేతికి కలిగే తడబాటును అలంకారాలు విడివిడిగా పాడినంత కాలం విద్యార్థి ఎరగడు, ఎందుకంటే అక్కడ ఒక తాళం ముగిసి, ఊపిరి పీల్చుకున్నాకే మరొకటి మొదలవుతుంది.

సాధన ఇలా సాగితే మేలు. ముందుగా విజయదాసు సూళాదుల్లో చిన్నదాన్ని ఒకదాన్ని కన్నడ ప్రచురణ నుంచి ఎంచుకోవాలి. కన్నడ లిపి తెలుగు చదివేవారికి కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది. ఆదోని, ఆలూరు వైపు కన్నడం ఇంట్లో మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, అటువంటి పెద్దవారి చేత సాహిత్యాన్ని ఒకసారి గట్టిగా చదివించుకుని, పదం ఎక్కడ విరుగుతుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత రాగం జోలికి పోకుండా, తాళం వేస్తూ సాహిత్యాన్ని మాటలుగానే చదవాలి. ధ్రువతాళపు భాగంలో ఒక పాదం 14 అక్షరాల ఆవర్తంలో సరిగ్గా ఇమడకపోవచ్చు. ఎక్కడ అక్షరాన్ని సాగదీయాలో, ఎక్కడ కార్వై ఇచ్చి ఆగాలో అప్పుడే బయటపడుతుంది. ఈ దశలో రెండు మూడు రకాల సర్దుబాట్లు సాధ్యమనిపిస్తాయి. వాటన్నింటినీ రాసుకుని, ఒకదాన్ని ఎంచుకున్న కారణాన్ని కూడా పక్కన రాసుకోవాలి. నేటి అలంకారాల్లోని జాతి లెక్కనే దాసులు కూడా అచ్చంగా పాటించారని ముందే తీర్మానించుకోకూడదు. మాట తాళంలో కుదురుకున్నాక, ప్రచురణలో రాగం పేరు ఉంటే దానిలో, లేకుంటే మాధ్వ సంప్రదాయంలో పాడేవారి నోట విన్న ధోరణిలో, స్వరం కూర్చుకునే ప్రయత్నం మొదలవుతుంది. ఇంత పని ఒక్క రచనకు కొన్ని నెలలు తీసుకుంటుంది. ఆ నెలల్లో విద్యార్థి కొత్త కృతులు పది నేర్చుకుని ఉండవచ్చు నిజమే, కాని తాళం మీద వచ్చే పట్టు ఆ పది కృతుల వల్ల రాదు.

రాగిరేకులు చెప్పేది, చెప్పనిది

సాహిత్యం దొరకడానికీ, సంగీతం దొరకడానికీ మధ్య ఉన్న దూరాన్ని తెలుసుకోవడానికి తాళ్ళపాక వారి చరిత్రను మించిన పాఠం లేదు. కడప సీమలో, రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో 1408లో పుట్టిన అన్నమాచార్యుడు 1424 నుంచి 1503లో తుదిశ్వాస విడిచేదాకా సంకీర్తనలు చెప్పాడని, వాటిని చెక్కిన రాగిరేకుల తొలి పుటే నమోదు చేసింది. ఆ రేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. అవి ఎవరికీ తెలియకపోలేదు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఏ.డి. క్యాంబెల్, తిరుపతిలో రాగిరేకుల మీద వ్యాకరణ గ్రంథం ఉందని విని, నకళ్ళు తెప్పించి చూసి, అందులో ఉన్నవి దైవస్తుతి పాటలేనని తేల్చి పక్కన పెట్టేశాడు. ఆయనకు కావలసింది వ్యాకరణం, కంటి ముందున్నది తెలుగు పాటల మహాసంపద. వెతికేవాడి మనసులో ఉన్న పట్టికను బట్టే దొరికినదాని విలువ తేలుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం ఉండదు.

1922 తర్వాత రేకులు వెలుగులోకి వచ్చి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితుల కృషితో సాహిత్యం అచ్చులోకి వచ్చింది. 32,000 అని చెప్పే సంకీర్తనల్లో 12,000కు పైగా లభించాయి. అయితే రేకుల మీద పాట పైన రాగం పేరు ఉంటుంది గాని స్వరాలు ఉండవు. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మైసూరులో అధ్యాపకత్వం ముగించుకుని తిరుపతికి వచ్చి, ఆ పాటల్లో కొన్నింటికి స్వరాలు కూర్చారు. ఆ తర్వాతి కాలంలో నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు ఆ పనిని ఎంతో విస్తరించారు. నేడు ఊరూరా వినిపించే అన్నమయ్య పాటలకు వరుస కట్టినవారు ఇరవయ్యో శతాబ్దపు మనుషులని చెప్పడం వల్ల ఆ పాటల విలువ ఏమీ తగ్గదు, పైగా ఆ స్వరకర్తలకు దక్కవలసిన గౌరవం దక్కుతుంది.

రాగం పేరు ఉన్నంత మాత్రాన వరుస తెలిసినట్టు కాదనడానికి ముఖారి మంచి ఉదాహరణ. నేడు పాడే ముఖారి ఖరహరప్రియ జన్యం, అంటే 22వ మేళం నుంచి పుట్టిన రాగం. కాని 1550లో రామామాత్యుడు రచించిన 'స్వరమేళకళానిధి'లోనూ, పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి రచించిన 'చతుర్దండి ప్రకాశిక'లోనూ ముఖారి అంటే అన్నీ శుద్ధ స్వరాలున్న మేళం, నేటి లెక్కలో కనకాంగికి సమానమైనది. రెండింటినీ పక్కపక్కన ఆరోహణ అవరోహణలుగా పాడి చూస్తే ఒకే పేరు మోస్తున్న రాగాలని నమ్మబుద్ధి కాదు. పాత రచన మీద రాగం పేరు చూసిన విద్యార్థి, నేటి పాఠ్యపుస్తకం తెరవడానికి ముందు, ఆ కాలపు లక్షణ గ్రంథంలో ఆ పేరుకు ఏ అర్థం ఉందో చూడాలి. ఆ తర్వాత నేటి ముఖారిలో పాడాలని నిర్ణయించుకున్నా తప్పేమీ లేదు, ఎందుకంటే శ్రోతలు వినేది నేడు. అది తన నిర్ణయమని తెలిసి పాడటమే అవసరం.

ఇటువంటి నిశితమైన పనికి సంగీతమే వృత్తి కానక్కరలేదని కర్నూలు పట్టణమే సాక్ష్యం చెబుతుంది. 1913లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన డాక్టర్ శ్రీపాద పినాకపాణి వైద్యశాస్త్ర ఆచార్యుడు. కర్నూలు వైద్య కళాశాలలో పనిచేసి, అక్కడే స్థిరపడి, 2013లో కన్నుమూసేదాకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన ఆయన 'సంగీత సౌరభం' సంపుటాల్లో కృతులను స్వరపరచిన తీరు చూస్తే, పాడేటప్పుడు గొంతు చేసే చిన్న కదలికను కూడా కాగితం మీద పెట్టడానికి ఒక మనిషి ఎంత ఓపిక పట్టవచ్చో తెలుస్తుంది. పత్తికొండ విద్యార్థి స్వరలిపి రాయడం నేర్చుకోవడానికి ఆ సంపుటాల్లో ఒక్క కృతిని తీసుకుని, పుస్తకం చూడకుండా ఎవరైనా పాడినది విని తానే రాసి, ఆ తర్వాత పుస్తకంతో పోల్చుకుంటే చాలు. ఎక్కడెక్కడ తన చెవి గమకాన్ని వదిలేసిందో పుటలో ఎర్రగీతలుగా కనిపిస్తుంది.

పాడేవారి దగ్గర కూర్చునే పద్ధతి

అచ్చులోకి ఎక్కని వాగ్గేయకారులు రాయలసీమ పల్లెల్లో చాలామంది ఉన్నారు, వారి రచనలు నోటి మీదే ఉన్నాయి. పోతులూరి వీరబ్రహ్మం, ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్య పేర్ల మీద ప్రచారంలో ఉన్న తత్వాలను తంబుర, చిడతలతో పాడే బృందాలు కడప, కర్నూలు జిల్లాల్లో నేటికీ కనిపిస్తాయి. తత్వం అంటే వేదాంత విషయాన్ని వాడుక మాటల్లో చెప్పే పాట. కర్నూలు పల్లెల్లో నల్లటి గొంగడి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, గవ్వల అలంకారంతో డమరుకం మోగిస్తూ, పిల్లనగ్రోవి ఊదుతూ ఆడే గొరవయ్యలు ఉన్నారు. చెక్క భజన, పండరి భజన గురువులు ఉన్నారు. ఆడవాళ్ళ నోట మంగళహారతులతో పాటు, పద్దెనిమిదో శతాబ్దంలో కాళహస్తి ప్రాంతంలో మునిపల్లె సుబ్రహ్మణ్యకవి రచించిన 104 అధ్యాత్మ రామాయణ కీర్తనల్లో కొన్ని ఒకప్పుడు ఇంటింటా నిలిచాయి. తరిగొండ వెంగమాంబ యక్షగానాలు కూడా రాసిందన్న సంగతి, ఆమెను తిరుమల భక్తురాలిగా మాత్రమే తెలిసినవారికి ఆశ్చర్యం కలిగించవచ్చు.

నాటక రంగాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్ళారిలో సరస వినోదిని సభ ద్వారా నాటకాలు వేయించి, వాటిలో పాటలకు చోటు కల్పించారు. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటకాలు తరతరాలుగా సాగాయి. వీటి వెనుక హార్మోనియం ముందు కూర్చుని పద్యానికి రాగం ఎత్తి ఇచ్చిన విద్వాంసుల పేర్లు సంగీత చరిత్రలో దాదాపు లేవు. హార్మోనియం మెట్ల మీద గమకం పలకదన్న కారణంతో ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా ఆ వాద్యాన్ని దూరం పెట్టడం వల్ల, పద్యనాటక సంగీతమంతా శాస్త్రీయం కానిదన్న ముద్ర మరింత బలపడింది. పద్యాన్ని మోహనలోనో కానడలోనో ఎత్తి, ఒక్క గుక్కలో ఆలాపన చేసి ముగించే ఆ కళను అంచనా వేయడానికి కచేరీ కొలతలు చాలవు. పత్తికొండ, ఆలూరు, ఆదోని పల్లెల్లో పద్యనాటకం ఆడిన పెద్దవారు ఇంకా ఉన్న కాలంలోనే సేకరణ పని జరగాలి, కాబట్టి విద్యార్థి ఎంపిక చేసుకునేటప్పుడు పుస్తకంలో ఉన్నవారి కంటే వయసు మీదపడిన గాయకుడికి ముందు చోటు ఇవ్వడం న్యాయం.

పాడేవారి దగ్గరకు వెళ్ళేటప్పుడు శ్రుతిపెట్టె తీసుకువెళ్ళినా దాన్ని సంచిలోనే ఉంచాలి. పెద్దవారు తమ గొంతుకు అనువైన చోట ఎత్తుకుంటారు. ముందే శ్రుతి వేసి ఇస్తే మర్యాద కోసం దానికి సర్దుకుని, తమకు అలవాటైన ఎత్తుగడను పోగొట్టుకుంటారు. అనుమతి అడిగి ఫోన్లో రికార్డు చేయడం మొదలుపెట్టాక, ముందుగా తేదీ, ఊరు, పాడేవారి పేరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి మాటల్లోనే చెప్పించాలి. తొలిసారి పాటను అడ్డు తగలకుండా చివరిదాకా పాడనివ్వాలి, మధ్యలో మరిచిపోయి ఆగినా అందించకూడదు. రెండోసారి తాళం వేస్తూ పాడమని అడగాలి. వీలైతే మరొక రోజు వెళ్ళి అదే పాటను మళ్ళీ పాడించుకోవాలి. రెండు రోజుల పాటల్లో మారకుండా నిలిచిన భాగం వరుసకు ఎముక, మారిన భాగం ఆ గాయకుడి స్వేచ్ఛ. ఈ రెండింటినీ వేరు చేయగలగడం, సంగతులు అంటే ఏమిటో పుస్తకంలో చదివిన దానికంటే లోతుగా నేర్పుతుంది.

సాహిత్యాన్ని కాగితం మీద పెట్టేటప్పుడు సీమ పలుకుబడిని పుస్తక భాషలోకి దిద్దడం చాలామంది చేసే పొరపాటు. మాట మారితే అక్షరాల లెక్క మారుతుంది, లెక్క మారితే తాళం చెదురుతుంది. రాగం పేరు పెట్టడానికి కూడా తొందరపడకూడదు. భజన పాటలో విన్న స్వరాలు ఆనందభైరవికి దగ్గరగా అనిపిస్తే ఆ మాట పక్కన రాసుకోవచ్చు గాని, ఆనందభైరవి లక్షణానికి సరిపడేలా పాటలోని స్వరాన్ని సవరించడం సేకరణ అనిపించుకోదు. రికార్డు ప్రతిని పాడినవారి ఇంట్లో ఒక ఫోనులోనైనా వేసి రావాలి. వారి అనుమతి లేకుండా బయట ఎక్కడా పెట్టకూడదు.

దూరదేశాల సంగీతం

ఇంటి దగ్గరి పని చేసిన చెవికి ప్రపంచ సంగీతం త్వరగా తెరుచుకుంటుంది, ఎందుకంటే అదే పని చేసినవారు అన్ని చోట్లా ఉన్నారు. హంగేరీలో బేలా బార్టోక్, జొల్తాన్ కొడాయ్ అనే ఇద్దరు యువ స్వరకర్తలు మైనపు గొట్టాల మీద ధ్వనిని నమోదు చేసే ఫోనోగ్రాఫ్ పట్టుకుని రైతుల పాటలు సేకరించి, 1906లో తొలి సంపుటి వెలువరించారు. నగరాల్లో హంగేరీ సంగీతంగా చలామణీ అవుతున్నదానికీ, పల్లెల్లో రైతులు పాడుతున్నదానికీ ఎంత తేడా ఉందో ఆ గొట్టాల మీది గొంతులు రుజువు చేశాయి. బార్టోక్ 1936లో టర్కీ పల్లెలకు కూడా వెళ్ళి అక్కడి పాటలను తన దేశపు పాటలతో పోల్చి చూశారు. అమెరికాలో ఫ్లోరెన్స్ ప్రైస్ (1887–1953) అనే నల్లజాతి స్త్రీ రచించిన ఇ మైనర్ సింఫనీని 1933లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. ఆమె మరణానంతరం రచనలు చాలావరకు కనుమరుగై, ఇల్లినాయి రాష్ట్రంలోని సెయింట్ ఆన్ అనే చిన్న ఊళ్ళో పాడుబడిన ఇంట్లో 2009లో పెట్టెల కొద్దీ బయటపడ్డాయి. వాటిలో రెండు వయొలిన్ కన్సర్టోలు, నాలుగో సింఫనీ ఉన్నాయి. పాశ్చాత్య సంగీతంలో స్వరాలన్నీ కాగితం మీద ఉంటాయి కనుక ఆమె ప్రతి దొరికిన వెంటనే వాద్యకారులు వాయించగలిగారు. తాళ్ళపాక రేకులకు ఆ సౌకర్యం లేదు. ప్రతి మీద ఏముంటే ఏం మిగులుతుందన్నది ఈ రెండు కథలను పక్కన పెట్టి చూసినప్పుడు తేటపడుతుంది.

కొత్త సంప్రదాయాన్ని వినేటప్పుడు పరిచయ వ్యాసం చదవడానికి ముందే ఒకే ముక్కను మూడుసార్లు వినడం మంచిది: మొదటిసారి ఆధార స్వరం ఉందా, ఉంటే ఎక్కడ అని, రెండోసారి లయ ఎన్ని అక్షరాలకు తిరిగి వస్తోందని, మూడోసారి ఏ భాగం మళ్ళీ వస్తోందని. టర్కీ సంగీతంలోని 'అక్సాక్' తొమ్మిది అక్షరాలను 2, 2, 2, 3గా విడగొడుతుంది. సూళాదిలో ధ్రువం నుంచి మఠ్యానికి మారిన చేతికి ఆ కుంటినడక త్వరగా పట్టుబడుతుంది. ఇండొనేషియా గామెలాన్‌లో పెద్ద గాంగ్ చక్రపు చివర మోగుతుంది, అందువల్ల ఆవర్తపు మొదటి దెబ్బ కోసం ఎదురుచూసే కర్ణాటక సంగీత విద్యార్థి కొంతసేపు దారి తప్పుతాడు. ఆ తప్పడం మంచిదే. చైనా పాటలోనో, ఇథియోపియా పాటలోనో అయిదు స్వరాలు వినగానే 'ఇది మోహనే' అనుకోవడం మాత్రం చెవిని అక్కడే ఆపేస్తుంది: ఏ స్వరం మీద నిలుస్తున్నారు, దేన్ని ఎలా జారుస్తున్నారు, ఏ పలుకుతో ముగిస్తున్నారు అన్నవి ఆ మాటతో వినిపించకుండా పోతాయి. పత్తికొండ భజన పాటకు ఆనందభైరవి పేరు తొందరపడి తగిలించకూడదన్న నియమమే ఇక్కడా వర్తిస్తుంది.

వేదిక దాకా

ఈ పనికి పరీక్షల్లో మార్కులు ఉండవు కాబట్టి, అది ప్రధాన సాధనను మింగేయకుండా చూసుకోవాలి. పరీక్ష సాధన ఉదయం, సేకరణ పని వారాంతంలో అని విడగొట్టుకుని, ఏడాదికి ఒక్క వాగ్గేయకారుడితో సరిపెట్టుకున్నవారు నిలదొక్కుకుంటారు. పని మొదలుపెట్టే ముందే గురువుకు చెప్పి ఆశీస్సు తీసుకోవాలి. వరుస కూర్చుకునే దశలో గురువు చేసే ఒక్క సవరణ చాలా శ్రమ తగ్గిస్తుంది, పైగా కొందరు గురువుల దగ్గర అటువంటి పాటలు ఎవరూ అడగక మిగిలిపోయి ఉంటాయి.

వేదికకు పెద్ద సభ కోసం ఎదురుచూడనక్కరలేదు. చిప్పగిరిలో విజయదాసు ఆరాధన కార్తీక శుద్ధ దశమినాడు జరుగుతుంది. భజన గుడుల్లో ఏకాదశి భజనలు ఉన్నాయి, బడి వార్షికోత్సవాలు ఉన్నాయి. ఒకే రచనను, పది నిమిషాలకు మించకుండా, ముందు రెండు మాటల పరిచయంతో పాడితే శ్రోతలు ఓపికగా వింటారు. ఆ పరిచయంలో మూడు సంగతులు విడివిడిగా చెప్పాలి: సాహిత్యం ఎవరిది, వరుస ఎవరి నోట విన్నది లేక ఎవరు కూర్చినది, ఏ భాగాన్ని పాడేవారు తామే పూరించుకున్నారు. సభికుల్లో ఆ పాట మరో వరుసలో తెలిసినవారు ఒక్కరున్నా, ఇలా చెప్పినప్పుడే లేచి మాట్లాడతారు; వారి పేరూ ఊరూ ఫోన్ నంబరూ రాసుకోవడానికి నోటు పుస్తకం వేదిక పక్కనే ఉండాలి.